హెచ్చరిక చూసినవాని బాధ్యత

వికారాబాదు నుంచి బీదరు మీదుగా పర్లి వైద్యనాథ్ వెళ్ళే రైలు మార్గం మన జహీరాబాదు గుండానే పోతుంది. చెరకు ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు, మేతకు వెళ్ళే పశువులు - ఈ పట్టాలు దాటకుండా చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళకు రోజు గడవదు. అందుకే 'గేటు పడింది' అన్న మాట వినగానే మన ముఖాలు ముడుచుకుపోతాయి. రెండు నిమిషాలు గడవకముందే కొందరు బండిని ఒక పక్కకు వంచి గేటు కిందుగా దూర్చేస్తారు.

ఒకనాడు అలా దూరుతున్న ఒక యువకుణ్ణి మేము వారించాము. అతను నవ్వుతూ, "మౌలానా సాబ్, మౌత్ రాసి ఉంటే ఇంట్లో పడుకున్నా వస్తుంది. మీకు తెలియనిదా?" అన్నాడు. సలాం చెప్పి అవతలికి వెళ్ళిపోయాడు. రైలు ఆ తర్వాతే వచ్చింది. అతనికి ఏమీ కాలేదు. కాని ఆ మాట మాత్రం మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని ప్రజలకు బోధించేది మేమే.

మొదట మేము మా సంగతే చెప్పుకోవాలి. రైలు గేటుకు ముందు రోడ్డు పక్కన ఎర్ర అంచు ఉన్న త్రికోణపు బోర్డులు ఉంటాయి. వాటిని ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాము. కాని వాటిలో రెండు రకాలు ఉన్నాయని, రెండింటి అర్థం వేరని మాకు చాలాకాలం తెలియదు. లోపల కంచె వంటి గేటు బొమ్మ ఉంటే అక్కడ కాపలా మనిషి ఉన్నాడని అర్థం. పొగ వదిలే పాతకాలపు ఇంజను బొమ్మ ఉంటే కాపలా లేదని అర్థం. బోర్డుతో పాటు ఏటవాలు గీతలు కూడా ఉంటాయి. రెండు గీతలుంటే గేటు సుమారు 200 మీటర్ల దూరంలో ఉంది, ఒకే గీత ఉంటే 50 నుంచి 100 మీటర్లలో ఉంది. మా విద్యార్థులను ఇంజను బొమ్మ గురించి అడిగితే 'దగ్గరలో స్టేషను ఉంది' అన్నారు. అంటే, అన్నిటికంటే ప్రమాదకరమైన బోర్డును వాళ్ళు రైలెక్కడానికి దారి చూపే బోర్డు అనుకున్నారు!

తెలియనివాడు, తెలిసీ లక్ష్యపెట్టనివాడు ఇద్దరూ సమానులా? ధర్మశాస్త్ర పండితులు అజ్ఞానాన్ని కొన్ని సందర్భాలలో ఉజ్ర్‌గా, అంటే ఆమోదించదగిన కారణంగా పరిగణించారు. కాని తెలుసుకునే వీలు ఉండి కూడా తెలుసుకోనివానికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. లైసెన్సు జేబులో పెట్టుకున్నవాడు 'నాకు తెలుసు' అని ముందే ఒప్పుకున్నవాడు. ఆ తర్వాత బొమ్మ అర్థం తెలియలేదని అనడానికి అతనికి హక్కు ఏముంది?

ఈ విషయంలో దేశ చట్టం ఎంత వివరంగా ఉందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను ప్రకారం కాపలా లేని గేటు దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో ముందుగా నడిచి వెళ్ళి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసి, తన వెనుక బండిని దాటించాలి. వెంట ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూసి రావాలి. 1989 రైల్వే చట్టం 161వ సెక్షను అలాంటి చోట ఆగి చూడకుండా దాటడాన్నే నిర్లక్ష్యం అంటుంది. దానికి ఏడాది వరకు జైలు విధించవచ్చు. ప్రమాదం జరగాలన్న షరతు అందులో లేదు. మా యువకుడు దూరింది కాపలా ఉన్న గేటు కింద కాబట్టి ఈ సెక్షను అతనికి వర్తించదు గాని, 'ఏమీ కాలేదు కదా' అనే వాదన ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది.

రైలు డ్రైవరుకు కూడా ఒక బోర్డు ఉంటుంది. గేటుకు దాదాపు 600 మీటర్ల ముందు పసుపు రంగు పలక మీద 'డబ్ల్యు/ఎల్' అని, హిందీలో 'సీ/ఫా' అని రాసి ఉంటుంది. సీటీ, ఫాటక్ అన్నమాట. అంటే అతను ఈల వేయాలి. అతను చేయగలిగింది చాలావరకు అంతే. వేగంగా వస్తున్న బరువైన రైలుకు బ్రేకు వేసినా, ఆగేసరికి అది కిలోమీటరు వరకు పోవచ్చు. ఇక్కడే అసలు నైతిక ప్రశ్న ఉందని మాకు తోస్తుంది. ఇద్దరు ఎదురుపడినప్పుడు ఒకరు ఆగలేరు, మరొకరు ఆగగలరు. బాధ్యత ఆగగలిగినవాని మీద పడుతుంది. తొందర ఎవరిది ఎక్కువ, దారి మీద హక్కు ఎవరిది అనే వాదనలకు అక్కడ తావు లేదు.

2014 జూలై 24 మనకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. రమజాన్ చివరి పది రోజులు నడుస్తున్నాయి. అప్పటికి మన జహీరాబాదు కూడా మెదక్ జిల్లాలోనే ఉంది. ఆ ఉదయం అదే జిల్లాలోని మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును నాందేడు - సికింద్రాబాదు పాసింజరు ఢీకొంది. డజనుకు పైగా పసిపిల్లలు మరణించారు. డ్రైవరూ బతకలేదు. మరణించినవాణ్ణి నిందించడం మా ఉద్దేశం కాదు. కాపలా మనిషిని పెట్టమని ఊరివాళ్ళు కోరితే వినవలసిన బాధ్యత పాలకులది కూడా. ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు. దేశమంతటా బ్రాడ్‌గేజ్ మార్గాలలో కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి చివరికి తొలగించారు. ఆ పని ముందే జరిగి ఉంటే!

మా యువకుని మాటకు జవాబు కూడా అక్కడే ఉంది. 'మౌత్ రాసి ఉంటే' అనే మాటను మనిషి తన ప్రాణం గురించి అనవచ్చునేమో. వెనుక సీట్లో కూర్చున్న పిల్లల గురించి ఎవరైనా అనగలరా? వాళ్ళు ఆ చేతికి అప్పగించిన అమానతు. తోటివాని సొమ్మును నడిరోడ్డు మీద పడేసి 'పోయే రాత ఉంటే పోతుంది' అన్నవాణ్ణి మనం నమ్మకస్థుడని అనము కదా?

తన ప్రాణం గురించైనా సరే, ఆ మాట తఖ్దీర్‌ను తప్పుగా అర్థం చేసుకోవడమే. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరగానే, ముందు ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. సహచరులతో సంప్రదించి వెనక్కి మరలాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. పారిపోయేది కూడా ఆయన విధి వైపుకేనని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. ఒక లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా విధి ప్రకారమే కదా అని ఉదాహరణ చెప్పారు. ఆ వార్త ఆయనకు దారి పక్కన నిలబెట్టిన బోర్డు వంటిది. దాన్ని చూసి ఆగడం ఆయన విశ్వాసానికి లోటు కాలేదు. ముందుగా అందిన హెచ్చరిక కూడా మన రాతలో భాగమే. దాన్ని చూడనట్లు నటించి, మిగిలిన రాతను మాత్రం నమ్ముతామనడం ఏమి న్యాయం?

ఈమధ్య నల్లబల్ల మీద ఆ రెండు బొమ్మలూ గీసి విద్యార్థులకు చెప్పాము. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, "గేటు తెరిచే ఉంటే భయం లేనట్టేనా హజ్రత్?" అని అడిగాడు. లేనట్టే అని చెప్పబోయి ఆగాము. 2025 జూలై 8న తమిళనాడులోని కడలూరు దగ్గర సెమ్మన్‌కుప్పంలో కాపలా ఉన్న గేటు మూసి లేకపోవడంతో పట్టాల మీదికి వెళ్ళిన బడి వ్యానును రైలు ఢీకొని ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. గేటు వేసేవాడూ మనిషే. అందుకని తెరిచి ఉన్నా వేగం తగ్గించి, బండిలో పాట మోగుతుంటే ఆపి, రెండు వైపులా చూసి దాటాలని చెప్పాము. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడట, ఇంజను బొమ్మ ఇంకోసారి గీయమన్నాడు.