ఇంటి స్వాతంత్ర్యము, ఊరి హద్దు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. అది కట్టువాని కష్టమును చెప్పినదే కాని, వాడు కట్టిన యింటివలన ఊరికి కలుగు కష్టసుఖములను చెప్పలేదు. నా భూమిలో నాకు నచ్చినచోట నేనిల్లు కట్టుకొందును, ఇతరులకేమి? జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ప్రకటించిన స్వాతంత్ర్య గ్రంథమున దీనికొక కొలబద్ద కలదు: పరులకు హాని లేనంతవరకు మనుజుని యిచ్ఛకు అడ్డు రాగూడదు. కొలబద్ద చక్కనిదే. కాని ఒక్క యింటివలన హాని సున్న; లక్ష యిండ్లవలన హాని కొండంత. ఆ కొండను ఏ యింటివాని లెక్కలో వ్రాయుదుము?

ఈ విచారణకు హాలండు, బెల్జియము అను పొరుగు దేశములు మిక్కిలి తగినవి. సముద్రతీరము ఒక్కటే, పల్లపు మైదానము ఒక్కటే. బెల్జియమునకు ఉత్తరభాగమైన ఫ్లాండర్సులో మాటాడునదియు డచ్చి భాషయే. 1815 మొదలు 1830 వరకు రెండును ఒక్క రాజు పాలనలో నుండినవి. అయినను హద్దు దాటిన బాటసారికి తానే దేశమున నున్నాడో ఎవ్వరును చెప్పనక్కరలేదు. హాలండులో ఊరు గీత గీసినట్లు ముగియును. ఆవల పచ్చికయు, కాలువలును, ఆవులును. ఫ్లాండర్సులో ఊరు ముగియనే ముగియదు. రోడ్డున కిరువైపుల ఇండ్లు తోరణము కట్టినట్లు సాగి సాగి పొరుగూరి ఇండ్లతో కలిసిపోవును. పొలములు వాని వెనుక దాగియుండును. జనసంఖ్యయే దీనికి కారణమందుమా? హాలండులో చదరపు కిలోమీటరు నేలకు 500 మందికి పైగా నున్నారు. ఫ్లాండర్సులో అంతకు కొంచెము తక్కువ. ఎక్కువ కిక్కిరిసిన దేశమే పొలములను కాపాడుకొన్నది!

బెల్జియము కథ రైలు చీటీతో మొదలైనది. 1869లో అచ్చటి ప్రభుత్వము కూలివారికి మిక్కిలి చౌకగా రైలు చీటీలనిచ్చెను. గనిలోనో మిల్లులోనో పనిచేయువాడు రాత్రికి తన పల్లె చేరగలిగెను. 1886లో లియేజి, షార్లెర్వా ప్రాంతములలో కార్మికుల అల్లరులు చెలరేగినవి. 1889లో, కార్మికులు సొంతయిండ్లు సంపాదించుకొనుటకు చౌక వడ్డీకి అప్పులు దొరకునట్లు చట్టము వచ్చినది. అందులో దయ కలదు. దయతోపాటు భయమును కలదు. నగరమున గుమిగూడిన కూలివాడు సమ్మె కట్టును, సామ్యవాదుల యుపన్యాసములు వినును. పల్లెలో పెరడున్నవాడు ఆదివారము గుడికి పోయివచ్చి బంగాళాదుంపలు త్రవ్వుకొనును. నాటి కాథలిక్కు పాలకుల తలపిది. సీబోం రౌంట్రీ అను ఆంగ్లేయుడు 1910లో బెల్జియమునుగూర్చి పెద్ద గ్రంథమే వ్రాసి, అచ్చటి యేర్పాట్లను స్వదేశీయులకు పాఠముగా చూపెను.

1948లో డె టాయె చట్టము సొంతయిల్లు కట్టువానికి ధనసాయమును కూడ ప్రసాదించెను. ఎచ్చట కట్టవలెనని మాత్రము గట్టిగా అడిగినవారు లేరు. పట్టణ నిర్మాణమునకు సమగ్రమైన చట్టము 1962 వరకు రాలేదు. ఈలోపల రోడ్డున్నదని ఇల్లు, ఇల్లున్నదని గొట్టము, గొట్టమున్నదని మరియొక ఇల్లు. తార్కికులు దీనినే బీజాంకురన్యాయమందురు. 1968లో రెనాట్ బ్రామ్ అను వాస్తుశిల్పి తన స్వదేశమునే ప్రపంచమున కెల్ల వికారమైన దేశమని పేర్కొని ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. స్వదేశాభిమానము గలవాడే అట్లు తిట్టగలడు.

హాలండువారు పొరుగువారికన్న పుట్టుకచేత సద్గుణులు కారు. వారికి గురువు నీరు. పడమటిభాగమున చాల నేల సముద్రమట్టమునకు దిగువనున్నది. ఒక్కడు గట్టును ఉపేక్షించిన పదిమంది మునుగుదురు. గట్లను కాలువలను చూచుకొను జలసంఘములు 13వ శతాబ్దినాటికే యుండెను. ఆ మెత్తని నేలలో స్తంభములు దింపనిదే, ఇసుక పోయనిదే గోడ నిలువదు. అది ఒంటరివాని పని కాదు. 1901 నాటి గృహచట్టము, 10,000 జనము దాటిన ఊళ్లు తమ విస్తరణమునకు ముందుగా ప్రణాళిక వ్రాసికొనవలెనని విధించెను. ఆమ్‌స్టర్‌డామ్, హేగు, రాటర్‌డామ్, ఉట్రెక్టు నగరములు వలయముగా నిలిచినను, నడుమ "పచ్చని గుండె" యని వారు పిలుచు పొలముల ప్రదేశము నేటికిని చాలవరకు మిగిలియున్నది.

అట్లని హాలండు గెలిచినదని తీర్పు చెప్పుట తొందరపాటగును. అచ్చట క్రొత్త పేటలలో ఇండ్లన్నియు ఒక్క అచ్చులో పోసినట్లుండును, పెరడు చాపంత. నేడు యువదంపతులకు ఇల్లు దొరకుటయే గగనమైనది. విశాలమైన తోట కావలెనని హద్దు దాటి బెల్జియమున కాపురము పెట్టిన డచ్చి ధనికులును పెక్కురు. ఊరి హద్దును వారు కాగితముపై మెచ్చుకొని, కాపురమునకు మాత్రము హద్దులేని చోటును కోరుకొందురు! బెల్జియపు కూలివానికైనచో, తాతలు కలగనని సొంతగోడయు, కూరగాయల మడియు లభించినవి. దానిని వికారమని నవ్వుటకు మనకేమి అధికారము?

అందము మాట అటుంచుదము. రోడ్డువెంబడి మైలు పొడవున చెదరిన నూరిండ్లకు మురుగు గొట్టము మైలు కావలెను. ఒక్కచోట గుమిగూడిన నూరిండ్లకు అందులో కొంత చాలును. తీగయు, టపాయు, బస్సును ఇట్లే. బస్సు నిండదు కనుక తరచుగా రాదు. రాదు కనుక ఇంటింటికి కారు. ఆ కారు నడుపలేని ముదుసలి వితంతువు రొట్టె కొనుటకు ఎట్లు పోవలెను? ఆమె యిల్లు ఆమెదే. ఆమె స్వాతంత్ర్యము మాత్రము గుమ్మముకడ నాగిపోయినది. మిల్లు గారి కొలబద్దకు దొరకని హాని యిది. చేసినవాడు ఫలానా అని వ్రేలు చూపుటకు వీలులేదు. అనుభవించువారు మాత్రము కన్నుల యెదుటనే యున్నారు.

2040 తరువాత ఖాళీ నేల మొత్తముమీద ఏమాత్రమును ఇండ్లపాలు కాగూడదని ఫ్లాండర్సు ప్రభుత్వము 2016లో సంకల్పించెను. వెంటనే నష్టపరిహారపు తగవు పుట్టినది. ఇండ్లస్థలమని పటమున రంగు పడిన భూమిని మరల పొలముగా మార్చినచో, యజమానికి ఎంత చెల్లింపవలెను? పూర్తి బజారు ధర చెల్లింపవలెనని 2023లో నిర్ణయించిరి. ఆ భారము మోయలేమని ఊళ్ల పాలకులు మొరపెట్టుకొనుచున్నారు. ఆ ధరను పెంచినది అందరి పన్నులతో వేసిన రోడ్డు. పెరిగిన ధరను మరల అందరిచేతనే కట్టించుట నాకు న్యాయముగా తోచదు. కాని ప్రభుత్వపు పటమునే నమ్మి, కూతురి కొరకు కూడబెట్టిన సొమ్ముతో స్థలము కొన్న గృహస్థు చేసిన దోషమేమి? అతడిచ్చిన సొమ్మును వడ్డీతో అతనికి మరల ఇచ్చివేయవలెను. రోడ్డు పెంచిన మిగిలిన విలువపై అతనికి హక్కు లేదని నా యభిప్రాయము. తాతనాటి భూమి కలిగి, ఒక్క కాసు పెట్టక ఆ రంగువలన ధనికుడైనవాని సంగతి వేరు. వానికి పొలము వెల చాలును.