పురమాయించిన పాట

పాటను పురమాయించి కట్టించుకోవడం మా పాలమూరుకు కొత్తేమీ కాదు. ఎన్నికలొస్తే అభ్యర్థి పేరు, గుర్తు చెప్తే చాలు, జనం నోళ్లలో నానిన బాణీకి మాటలు మార్చి రికార్డు చేసిస్తారు. కాబట్టి నాలుగు వాక్యాలు టైపు చేస్తే కృత్రిమ మేధ పాట కట్టిస్తుందంటే నాకు అపచారంలా తోచలేదు. అడిగి రాయించుకున్న దాంట్లో ప్రాణం ఉండదనే వాళ్లు ముందు రాజులు పురమాయించిన మన ప్రబంధాలకు ఏ సమాధానం చెప్పాలో చూసుకోవాలి.

కొత్తకోటలో, 44వ నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో, ఒక ఫ్లెక్సీల దుకాణం. మా పక్కింటి పిల్లవాడి తండ్రి పోయాడు. దశదినకర్మ ఫ్లెక్సీకి ఫోటో ఇవ్వడానికి పోతూ ఆ పిల్లవాడు నన్నూ వెంట తీసుకుపోయాడు. దుకాణం కుర్రాడు, ‘‘స్టేటస్‌కు పాట గూడ చేస్తం అన్నా, మీ నాయిన గురించి జర రాయి’’ అంటూ ఫోన్ చేతిలో పెట్టాడు. సునో అనే యాప్. ఎలాంటి పాట కావాలో రాసి నొక్కితే ఒక్కసారికి రెండు పాటలిస్తుంది, చాయ్ చల్లారేలోగా.

పిల్లవాడు చాలాసేపు ఆలోచించి రాశాడు: ‘‘మా నాయిన గుంపు మేస్త్రి తాన అడ్వాన్సు తీస్కొని నా ఫీజు కట్టిండు. కాల్వ పనికి పొయ్యేటోడు. దసరకు ఇంటికొస్తే చేతులు మాకు కనపడకుంట దాసుకునేటోడు.’’

పాట వచ్చింది. వేణువు, వయొలిన్లు, లోతైన మగ గొంతు. ళకారం దగ్గర కొంచెం తడబడింది గాని శ్రుతి తప్పలేదు. అందులో త్యాగం ఉంది, దీపం ఉంది, చల్లని నీడ ఉంది. కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రి లేడు. అడ్వాన్సు లేదు. దాచుకున్న చేతులు ‘కష్టాల కడలి’ అయిపోయాయి. పిల్లవాడు ఏడ్చాడు. ఆ ఏడుపును తక్కువ చేయడానికి నాకు నోరు రాదు. కానీ ఎవరి తండ్రికైనా సరిపోయే పాట అది.

ఎందుకిలా అంటే, ఆ యంత్రం విన్నది అలాంటి పాటలనే. ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్న సంగీతంతోనే తన నమూనాకు తర్ఫీదు ఇచ్చానని సునో 2024లో అమెరికా కోర్టుకు తెలిపింది. తమ రికార్డులు వాడుకున్నారని సోనీ, యూనివర్సల్, వార్నర్ ఆ ఏడాది జూన్‌లో దావా వేశాయి. మన దగ్గరా, ‘కీడా కోలా’ సినిమాలో గాయకుడు బాలు గొంతును ఏఐతో పలికించారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. ఆ తగాదాలు న్యాయమైనవే. అయితే మాది దొంగిలించారని అనడానికైనా ముందు అందులో మనది కొంత ఉండాలి కదా! తట్టలు మోస్తూ కాల్వ గట్ల మీద మా ఆడవాళ్లు పాడుకున్న పాటలు ఎంతమంది రికార్డు చేశారు? దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతుంటే చెవిన పెట్టిందెందరు? ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో 2021లో ఆయన అందరికీ తెలిశాడు, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. సినిమా దాకా పోతేగాని మనకు వినపడలేదు.

ఆ పిల్లవాడు రాసినదే పాటని నాకు అనిపించింది. ఆ మూడు వాక్యాలను అలాగే సాహిత్యం గడిలో వేసి చూడమన్నాను. అట్లా వేస్తే యంత్రం మన మాటలనే పాడుతుంది. పాడింది. ‘దాసుకునేటోడు’ దగ్గర రాగం ఎటు పోవాలో తెలియక నిలబడింది. ఆ నిలబడటమే నాకు నచ్చింది.

పిల్లవాడికి నచ్చలేదు. ‘‘ఇది పాట లెక్క లేదు సార్. ముందటిదే మంచిగుంది.’’

అక్కడ నాకు యంత్రం మీద కోపం పోయింది. తన ఇంటి మాట పాటకు పనికిరాదని వాడికి చెప్పింది ఏఐ కాదు. వాడు పుట్టకముందు నుంచే సినిమా చెప్పింది, పాఠ్యపుస్తకం చెప్పింది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, నేనూ ఎంతోకొంత చెప్పే ఉంటాను. ఇదే పాలమూరు మాటను పాట చేసిన గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ మీద 2021 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అంత గౌరవం దక్కాక కూడా ఆ పిల్లవాడి చెవిలో పాటంటే దీపమూ నీడానే.

మన కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ పుట్టించిన రచనకు, దాన్ని పుట్టించేలా చేసిన మనిషే కర్త. అమెరికా కాపీరైట్ కార్యాలయం మాత్రం, ప్రాంప్టు రాసినంత మాత్రాన కర్త కాడని 2025 జనవరిలో తేల్చింది. వీడు ఆ పాటకు కర్తో కాదో వకీళ్లు చూసుకుంటారు. ఆ మూడు వాక్యాలకు కర్త వాడే. వాటిని కాగితం మీద రాసిమ్మని అడిగితే, ‘‘అవెందుకు సార్’’ అని నవ్వాడు.

దశదినకర్మ నాడు షామియానా కింద మొదటి పాటే మోగింది. చుట్టాలంతా బాగుందన్నారు, నేను కూడా అన్నాను.