యెవరి సంచీ విప్పిస్తారు?

రెండేళ్ల క్రితం వొక పెద్ద స్టేషనులో జరిగిన చిన్న విషయంతో మొదలుపెడతాను. మా కళాశాలలో ఉర్దూ చెప్పే మిత్రుడూ, నేనూ దూరప్రయాణం వెళ్లవలసివుండి పాతబస్తీ నుంచి కలిసే బయలుదేరాం. ఇద్దరి సంచులూ మదీనా దగ్గర వొకే దుకాణంలో కొన్నవి. స్టేషను వాకిట సామాను పరీక్షించే యంత్రం ఆ పూట పనిచేయడం లేదు. బల్ల వెనుక యూనిఫారంలో వున్న మనిషి నా ముఖం చూసి వెళ్లమన్నాడు. నా మిత్రుడి గడ్డం చూసి సంచీ విప్పమన్నాడు. దిద్దవలసిన పరీక్ష కాగితాలూ, రెండు జతల బట్టలూ, అన్నం డబ్బా వొక్కొక్కటే బల్లమీదికి వచ్చాయి. వరసలో వున్నవాళ్లంతా ఆయనకేసి చూశారు. నేను నాలుగడుగుల దూరంలో, నా సంచీ భుజాన వేసుకుని, నోరు మెదపకుండా నిలబడ్డాను.

ఆయన నన్ను నిందించలేదు. రైలు కదిలాక మాత్రం, "సార్, మీరు నా తరఫున పోట్లాడనక్కరలేదు. నా సంచీ కూడా చూడండి అంటే సరిపోయేది" అన్నాడు. ఆ మాట నన్ను యిప్పటికీ వదలలేదు.

సోదాలే వద్దనడం బాధ్యత తెలియని మాట. 2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్టు దగ్గర సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో పేలిన బాంబులు పెట్టెల్లోనే రైలెక్కాయి. 68 మంది చనిపోయారు. అదే సంవత్సరం ఆగస్టు 25న మన నగరంలో లుంబినీ పార్కులోనూ, గోకుల్ చాట్ దగ్గరా నలభైమందికి పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి భయం కల్పితం కాదు.

అసలు ప్రశ్న వేరు. రైళ్లలో రోజుకు సుమారు రెండు కోట్లమంది ప్రయాణం చేస్తారు. విమానాశ్రయంలోలాగా ప్రతి సంచీనీ పరీక్షించడం సాధ్యం కాదు. కొందరిని యెంచుకోక తప్పదు. ఆ కొందరు యెవరు? అందరి సంచులూ చూస్తే అది పన్ను వంటిది. విసుక్కుంటూనైనా అందరం కడతాం. ముఖాన్నిబట్టి కొందరివే చూస్తే అది శిక్ష.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" అని అడిగేవారున్నారు. సాధారణంగా అలా అడిగేవారి సంచీని యెవరూ విప్పించి వుండరు. సంచీలో యేదో బయటపడుతుందని నా మిత్రుడు భయపడలేదు. పదిమంది యెదుట, ప్రతి ప్రయాణంలోనూ, తాను నిర్దోషినని రుజువు చేసుకోవలసి రావడమే ఆయనకు జరిగిన అన్యాయం.

న్యాయం సంగతి అలా వుంచి, ఈ అనుమానం వల్ల ప్రయోజనమైనా వున్నదా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరువాత పాతబస్తీ యువకులను అనేకమందిని పట్టుకుపోయారు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులన్నాయి. పేలుడు కేసులో విచారణ యెదుర్కొన్న వేరే అయిదుగురినీ 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా విడుదల చేశారు. చనిపోయినవారికి న్యాయం జరగలేదు. యువకుల పోయిన కాలం తిరిగి రాలేదు.

2023లో యాభై రోజుల వ్యవధిలో జరిగిన మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. జులై 7న, మన పాతబస్తీ మహలు పేరు పెట్టుకున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పగిడిపల్లి దగ్గర మంటల్లో చిక్కుకున్నది. పొగ చూసిన ప్రయాణికులు గొలుసు లాగారు. బోగీలు కాలిపోయాయి గాని వొక్క ప్రాణం పోలేదు. జులై 31 తెల్లవారుజామున జైపూరు–ముంబయి రైలులో కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. వారిలో వొకరు రైల్వే రక్షణ దళపు అధికారి. మిగిలిన ముగ్గురూ ముస్లిం ప్రయాణికులు; అందులో వొకరు మన హైదరాబాదులో బతుకుతున్న మనిషి. ఆ హత్యల అభియోగం అదే దళపు కానిస్టేబులుమీద మోపారు. ఆగస్టు 26న మదురై స్టేషనులో యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిదిమంది చనిపోయారు. నిషిద్ధమైన గ్యాస్ సిలిండరు వారి సామానుతోనే ప్రయాణం చేసింది. దాన్ని యెవరూ ఆపలేదు.

వొకచోట తోటి ప్రయాణికుల అప్రమత్తత ప్రాణాలు కాపాడింది. వొకచోట కాపలాకు పంపిన తుపాకీయే ప్రాణాలు తీసింది. మరొకచోట అనుమానానికి అందని సామాను బద్దలైంది. ముఖాలు చూసి చేసే సోదా ఈ మూడింటిలో దేనికి పనికివచ్చేది?

ఈ వ్యవహారంలో మతంతోపాటు వర్గం కూడా వున్నది. యేసీ మొదటి తరగతివాడు 70 కిలోల సామాను వుచితంగా తీసుకుపోవచ్చును. జనరల్ బోగీవాడికి 35 కిలోలే. అయినా లాఠీతో పొడిచి చూసేది కూలిజనం మూటలనే. పైగా, బుక్ చేయకుండా వెంట తీసుకుపోయే సామాను పోతే, తమ సిబ్బంది నిర్లక్ష్యమో దుష్ప్రవర్తనో రుజువైతే తప్ప రైల్వేలకు బాధ్యత లేదని 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షను చెబుతున్నది. విప్పించే అధికారం వారిది, పోగొట్టుకునే కష్టం మూటవాడిది.

అందరినీ చూడలేకపోతే లెక్కప్రకారం చూడవచ్చును. పదిమందిలో పదోవాడు యెవరైతే వాడు: జుబ్బా అయినా, షేర్వానీ అయినా, మొదటి తరగతి అయినా, జనరల్ అయినా. లెక్కకు గడ్డం కనిపించదు. నేరం తలపెట్టినవాడు కూడా తన వేషాన్ని నమ్ముకుని తప్పించుకోలేడు. భద్రతకూ సమానత్వానికీ వైరం వున్నదనేవారు ఈ చిన్న సంగతి ఆలోచించాలి.

అలాంటి పద్ధతి వచ్చేదాకా మనబోటివాళ్లం యేం చేయాలి? అభ్యుదయవాదులమని చెప్పుకుంటాం, సభల్లో తీర్మానాలు చేస్తాం. ఆనాడు స్టేషను వాకిట నేను పొందిన మినహాయింపు నా మిత్రుడి అవమానంతో కొన్నది. దాన్ని కాదనడానికి వుపన్యాసం అవసరం లేదు. మన సంచీ కూడా ఆ బల్లమీద పెట్టి, "ఇదీ చూడండి" అనగలిగితే చాలు. నేను ఆ రోజు అనలేకపోయాను.