యమామా శిథిలాలు: చూడవచ్చా, చూడకూడదా?

పాత ఊళ్లను చూడబోవడం ఇస్లాం ధర్మశాస్త్రంలో తేలిగ్గా తేలే విషయం కాదు. అల్ ఖర్జ్‌లోని యమామా దగ్గర ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఒయాసిస్సు పేరు వింటే సౌదీలో పనిచేసే తెలుగువాళ్లకు డెయిరీ ఫారాలు, ఖర్జూర తోటలే గుర్తొస్తాయి. ఆ తోటల నడుమే ఇసుక కప్పేసిన ఒక పాత పట్టణం ఉంది. సౌదీ, ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తల బృందం 2011 నుంచి అక్కడ తవ్వకాలు జరిపి, మట్టి ఇటుకల గోడలతో పాటు ఒక పెద్ద మసీదు ఆనవాళ్లను బయటపెట్టింది.

ఆ మట్టి కింద ఉన్నది ఒకే నమ్మకం కాదు. ఇస్లాంకు ముందు ఇది బనూ హనీఫా తెగవారి ప్రాంతం. వారి నాయకుడు హౌదా బిన్ అలీ క్రైస్తవుడని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. ఆ తెగలోనే పుట్టిన ముసైలిమా తానూ ప్రవక్తనేనని ప్రకటించుకున్నాడు. ముహమ్మద్ ప్రవక్త మరణించాక, తొలి ఖలీఫా అబూబకర్ కాలంలో, యమామా యుద్ధంలో హతమయ్యాడు. ఆ పోరులో ఖురాన్ కంఠస్థంగా వచ్చినవారు చాలామంది చనిపోవడంతో, ఖురాన్‌ను ఒకచోట రాతలో పెట్టించాలన్న ఆలోచన పుట్టిందని హదీసులు చెబుతాయి. యుద్ధం జరిగిన అక్రబా ఇక్కడికి దూరం, రియాద్‌కు అవతలి వైపు. అప్పట్లో యమామా అంటే ఈ ఊరు మాత్రమే కాదు, ఆ సీమంతా. ఆ తర్వాత 9వ శతాబ్దిలో ప్రవక్త అల్లుడైన అలీ వంశీకులు ఉఖైదిర్‌లు ఇక్కడ రాజ్యం స్థాపించారు. 11వ శతాబ్ది మధ్యలో ఈ దారిన వెళ్లిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఒక పాత కోటను, దాని వెలుపలి బజారును, చక్కని మసీదును, నేల కింద పారే కాలువలను వర్ణించాడు. ఖర్జూరం విరగకాసిన ఏడాది ఒక్క దీనారుకు వెయ్యి మణుగులు వచ్చేవట. ఊరివారు జైదీ షియాలనీ, నమాజుకు పిలిచేటప్పుడు అలీ పేరు కూడా చేర్చేవారనీ రాశాడు. నేటి నజ్ద్‌లో, అంటే ఈ మధ్య అరేబియా సీమలో, ఎవరూ ఊహించని మాట ఇది.

ఇలాంటి చోటికి వెళ్లడంపై ధర్మం రెండు రకాలుగా మాట్లాడుతుంది. భూమ్మీద తిరిగి, మునుపటి జాతులకు ఏ గతి పట్టిందో చూడమని ఖురాన్ పదేపదే చెబుతుంది. అంటే శిథిలాన్ని చూడటం తప్పు కాదు సరికదా, అదొక గుణపాఠం. మరోవైపు, పుణ్యం కోసం ప్రయాణం చేయదగినవి మూడే మసీదులని, మక్కా, మదీనా, జెరూసలేంలవి మాత్రమేనని, ఒక ప్రసిద్ధ హదీసు ఉంది. దీన్ని గట్టిగా పట్టుకున్న ఇబ్న్ తైమియా, సమాధుల దర్శనం కోసమే ప్రయాణం చేయకూడదని వాదించి 1326లో డమాస్కస్‌లో ఖైదయ్యాడు, 1328లో అక్కడే కన్నుమూశాడు. దైవశిక్షకు గురైందని ఖురాన్ చెప్పే ఒక పాత జాతి ఊరైన హిజ్ర్ శిథిలాల విషయంలో ఈ రెండు మాటలూ ఒకేచోట కలుస్తాయి. తబూక్ దండయాత్రలో ఆ దారిన వెళ్తూ, ఏడుస్తూ తప్ప అక్కడికి అడుగు పెట్టవద్దని ప్రవక్త సహచరులకు చెప్పినట్టు హదీసు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన తొలి సౌదీ స్థలం అదే. ఇప్పుడు అక్కడికి టికెట్టు కొనుక్కుని మరీ వెళ్తారు.

ఈ వివాదంలో అల్ ఖర్జ్‌కు నేరుగా ఒక సంబంధం ఉంది. తర్వాతి కాలంలో సౌదీ గ్రాండ్ ముఫ్తీ అయిన అబ్దుల్ అజీజ్ బిన్ బాజ్ 1938 నుంచి 1951 వరకు ఇక్కడే ఖాజీ. పాత ప్రదేశాలను పునరుద్ధరించి జనం చూసేలా చేయాలన్న ప్రతిపాదనను ఖండిస్తూ ఆయన ఒక వ్యాసం రాశారు. అందులో ఆయన చూపిన ఉదాహరణ ఖలీఫా ఉమర్‌ది. ప్రవక్త ఒక చెట్టు కింద సహచరుల చేత ప్రమాణం చేయించుకున్నారు. తర్వాత జనం ఆ చెట్టు దగ్గరికి వెళ్లి నమాజు చేయసాగారు. ఉమర్ ఆ చెట్టును కొట్టించేశాడు. గౌరవంగా మొదలైంది ఆరాధనగా మారుతుందని, ఆరాధన షిర్క్‌కు, అంటే దేవుడికి సాటి కల్పించడానికి, దారితీస్తుందని వాదన.

ఈ వాదనను కొట్టిపారేయడం సులువు, కానీ న్యాయం కాదు. జనం ఏం చేస్తారో ఉమర్‌కు తెలుసు. తెలుగునాట ఊరి చివర రాయికి పసుపు రాసి రెండు పూలు పెడితే ఏడాది తిరక్కుండానే అక్కడ జాతర మొదలవుతుందని ఎరిగినవారెవరూ ఆ భయం ఉత్తదని అనరు. అయితే ఆ చెట్టుకు ప్రాణం పోసింది భక్తి. ప్రవక్త జ్ఞాపకం ముడిపడి ఉంది కాబట్టే జనం వెళ్లారు. యమామాలో అలా ముడిపడే భక్తి ఏదీ మిగల్లేదు. ముసైలిమాను కొలిచేవారు లేరు. ఉఖైదిర్‌ల పేరు తలిచే జైదీలు ఈ ఒయాసిస్సులో లేరు. ఆరాధన భయం లేనిచోట ఆ నిషేధానికి ఆధారమే పోతుంది. మిగిలేది గుణపాఠం. అది కూడా గోడలు ఎవరివో, ఎప్పటివో తెలిస్తేనే పనికొస్తుంది. ఏ జాతి గతి చూడాలో తెలియకుండా చూసేదేముంది? ఖురాన్ ఆజ్ఞను అక్షరాలా తీసుకున్నా తవ్వేవాడి పారకే బలం చేకూరుతుంది.

పాత ఊరు మిగలడానికి మరో దారి స్పెయిన్‌లో కనిపిస్తుంది. లక్షలోపు జనాభా ఉన్న టొలేడోలో క్రీ.శ. 999లో కట్టిన చిన్న మసీదు ఇప్పటికీ నిలిచే ఉంది. 1085లో ఊరు క్రైస్తవ రాజు చేతికి వచ్చాక అది చర్చి అయింది. అక్కడి పాత యూదుల ప్రార్థనామందిరం కూడా సాంతా మరియా లా బ్లాంకా అన్న పేరుతో చర్చిగా మారింది. గెలిచినవారు వాడుకున్నారు కాబట్టే గోడలు మిగిలాయి. ఎండబెట్టిన మట్టి ఇటుకతో కట్టి, జనం వెళ్లిపోయిన యమామా మసీదుకు ఆ అవకాశం రాలేదు.

తెలుగువారి తీరు ఈ రెండింటికీ పొసగదు. క్షేత్రమహిమ స్థలానిదని నమ్ముతూనే, నాగార్జునసాగర్ జలాశయంలో మునిగే నాగార్జునకొండ కట్టడాలను కొన్నింటిని కొండమీదికి తరలించారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. నదుల సంగమం నీటి కిందే ఉండిపోయింది, సంగమేశ్వరుడు మాత్రం పూజలందుకుంటూనే ఉన్నాడు. స్థలం మారితే మహిమ ఏమైందని అడిగినవారు తక్కువే.

యమామాలో ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది: తవ్వకంలో బయటపడ్డ మసీదు ఇప్పటికీ మసీదేనా? ఒకసారి వక్ఫ్ అయిన మసీదు, జనం వెళ్లిపోయినా, గోడలు కూలినా, మసీదుగానే ఉంటుందని, దాన్ని అమ్మరాదని మాలికీ, షాఫియీ పండితులు అంటారు. సౌదీలో ప్రధానంగా అనుసరించే హన్బలీ సంప్రదాయం ఇక్కడ కొంత సడలింపు ఇస్తుంది. ఊరు ఖాళీ అయి మసీదు ఎవరికీ పనికిరాకుండా పోతే దాన్ని అమ్మి, ఆ సొమ్మును మరో మసీదుకు వాడవచ్చు. కూఫాలో ఉమర్ ఒక మసీదును వేరే చోటికి మార్పించిన సంఘటనను అందుకు ఆధారంగా చూపుతారు. ఈ లెక్కన చెట్టు కొట్టించిన ఉమరే, పాడుబడ్డ మసీదు నేలపై పురావస్తు శాస్త్రవేత్త నిలబడటానికీ ధర్మశాస్త్రంలో చోటు చూపించినట్టవుతుంది.