షరాబు చూపు

పాత వెండి నాణెం ఏ స్థాయిదో, ఎంత ముచ్చటైనదో తేల్చడం పైకి వ్యాపారుల పనిగా కనిపించినా, ఆ తేల్చడం ఏ రకమైన జ్ఞానమన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో చాలా పాతది. ఐదో శతాబ్దపు వాడని సాధారణంగా భావించే భర్తృహరి వాక్యపదీయం మొదటి కాండలో, మణుల మేలిమినీ నాణేల మేలిమినీ పసిగట్టే జ్ఞానం నిపుణులకు అభ్యాసం వల్లనే అబ్బుతుందనీ, దానిని ఎదుటివారికి మాటల్లో విప్పి చెప్పలేమనీ, అది అనుమానం కాదనీ, అంటే పొగను చూసి నిప్పును ఊహించినట్లు ఒక హేతువు పట్టుకొని రాబట్టేది కాదనీ నిర్ణయించాడు. దాదాపు అదే కాలంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో ఒక నాణేల కుప్ప ముందు పసివాడిని, పల్లెటూరివాడిని, షరాబును నిలబెట్టాడు. పసివాడికి వాటి ఆకారమూ బొమ్మలూ కనిపిస్తే, పల్లెటూరివాడికి అవి చెల్లే ధనమని కూడా తెలుస్తుంది. షరాబు మాత్రం కంటితో చూసి, మోగించి, వాసన పట్టి, రుచి చూసి, చేత్తో తూచి, ఏది అసలో ఏది నకిలీయో, ఏ ఊళ్లో ఏ పనివాడి చేతిలో తయారైందో కూడా చెప్పగలడు. సంజ్ఞకు (పైపైన గుర్తుపట్టడానికి), విజ్ఞానానికి (విషయం తెలియడానికి), ప్రజ్ఞకు (లోతుగా గ్రహించడానికి) ఉన్న తేడా చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ అది.

ఆధునిక నాణెశాస్త్రం, భర్తృహరి చెప్పలేమన్న దానిని అంకెల్లో చెప్పాలని పూనుకొంది. అమెరికన్ రాగి సెంట్ల కోసం 1949లో విలియం షెల్డన్ ప్రతిపాదించిన 1 నుంచి 70 వరకు ఉండే కొలమానమే తర్వాత వెండి నాణేలకూ విస్తరించింది. గ్రేడు అంటే ముద్ర పడిన నాటి నుంచి నాణెం ఎంత అరిగింది, ఎన్ని గీతలు, దెబ్బలు తగిలాయి అన్న లెక్క. ‘ఐ అప్పీల్’ అనేది దీనికి భిన్నమైనది. మెరుపు, రంగు, ముద్ర పడిన తీరు, దెబ్బలున్న చోటు అన్నీ కలిసి చూపును పట్టి నిలిపే గుణానికి అది పేరు. ఒకే గ్రేడు వచ్చిన రెండు రూపాయలలో ఒకదానికి ఎక్కువ ధర పలకడానికి కారణం తరచుగా ఇదే.

హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా విషయంలో ఈ లెక్క సాఫీగానే సాగుతుంది. యంత్రంపై ముద్రించిన చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, జనం కల్దారు అని పిలిచిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అన్న వాడుక మారకం దాదాపు ఈ వెండి లెక్కకే సరిపోతుంది కాబట్టి, సాహుకారు దృష్టిలో నాణెమంటే అందులోని లోహమే. గ్రేడు కట్టేవాడు మాత్రం మినార్ల అంచులను, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరుకు గుర్తుగా ద్వారంలో నిలిపిన ‘ఐన్’ అక్షరపు వంపును వెతుకుతాడు, ఎందుకంటే ఉబ్బుగా ఉన్న చోట్లే వేళ్ల రాపిడికి మొదట అరుగుతాయి.

గద్వాల సంస్థానపు రూపాయి దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తడబడుతుంది. ఈ సంస్థానం ఒకప్పుడు సొంత నాణేలు కొట్టించింది, అవి రాయచూరు ప్రాంతంలో చాలాకాలం చలామణి అయ్యాయి. వనపర్తి ప్రభువులకూ సూగూరులో టంకశాల ఉండేది. సుత్తితో కొట్టే నాణేలకు అచ్చు పెద్దది, వెండి బిళ్ళ చిన్నది కావడంతో, పార్శీ అక్షరాలలో కొన్నే బిళ్ళపై పడి, మిగతావి అంచు దాటి పోతాయి. కనబడని అక్షరం అరిగిపోయిందా, అసలు పడనే లేదా అన్నది తేల్చకుండా గ్రేడు ఇవ్వడం కుదరదు. పైగా షరాబులు పరీక్ష కోసం వేసిన చిన్న గుంటలు అంకెల కొలమానానికి దెబ్బలు, చరిత్రకు సాక్ష్యాలు. యంత్రపు నాణెం కోసం పుట్టిన కొలమానాన్ని ఇక్కడ తూచా తప్పకుండా వాడడం, నిజం చెప్పాలంటే, లెక్క పేరిట జరిగే ఊహాగానమే.

ఇక అందం సంగతి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో యథార్థ జ్ఞానానికి వెండిని వెండిగా తెలుసుకోవడాన్ని, అయథార్థ జ్ఞానానికి ముత్యపు చిప్పను వెండి అనుకోవడాన్ని ఉదాహరణలుగా ఇచ్చాడు. తోమిన పాత నాణెం ఈ రెండింటి మధ్యా పడే చిక్కు సమస్య. చింతపండుతోనో ముగ్గుపిండితోనో రుద్దగా తళతళలాడే రూపాయిని చూసి వెండి అనుకోవడం యథార్థమే, కంసాలి గీటురాయి కూడా ఔననే అంటుంది. కొత్తది అనుకోవడం మాత్రం భ్రమ. చిప్పను చేతిలోకి తీసుకోగానే ‘ఇది వెండి కాదు’ అన్న బాధక జ్ఞానం, అంటే ముందు జ్ఞానాన్ని కొట్టివేసే జ్ఞానం, పుట్టుకొస్తుంది. తోమిన నాణెం విషయంలో అది పుట్టాలంటే కన్ను ముందే తయారై ఉండాలి. అచ్చు తాకిడికి లోహం కేంద్రం నుంచి అంచులకు పారినప్పుడు ఏర్పడిన కంటికి ఆనని సన్నని చారల వల్ల, తోమని నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే వెలుగు చక్రపు ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. తోమిన నాణెంలో ఆ చారలు చెరిగిపోయి వెలుగు ఎక్కడికక్కడే ఉండిపోతుంది. గాలిలోని గంధక సమ్మేళనాలు వెండిపై పరిచే పలచని పొర, పసుపు నుంచి ఊదా, నీలం దాకా ఇచ్చే రంగుల టోనింగ్ కూడా అలాంటిదే; మందమైతే అది నలుపవుతుంది గానీ, పలచగా సమంగా ఉన్నంతకాలం తోమలేదనడానికి ఆనవాలు.

కాబట్టి భర్తృహరి మాటను సగమే ఒప్పుకోవలసి ఉంటుంది. వెలుగు తిరిగే తీరును, రంగుల వరుసను నేర్పవచ్చు. ఈ ఆనవాళ్లలో దేనికి ఎంత బరువు ఇవ్వాలో మాత్రం వందల నాణేలు చేతిమీదుగా పోతే తప్ప తెలియదు. అందం చూసేవాడి ఇష్టమే అయితే ఇద్దరు షరాబుల తీర్పులు దగ్గరగా రావలసిన పనిలేదు, అది లోహంలోనే ఉంటే పసివాడికీ కనిపించాలి; కాబట్టి అది తయారైన కంటికే అందేది. ఆ కంటి తీర్పుకూ ఒక హద్దుంది. నాగర్‌కర్నూల్ జిల్లా తండాల్లో కొక్కెం అతికి లంబాడీ స్త్రీల నగల్లో చేరిన రూపాయికి గ్రేడు దక్కదు, లక్ష్మీపూజలో ఏటా పసుపు కుంకుమలు అంటిన రూపాయికీ అంతే. అయినా వాటిని వికారమైనవి అనడానికి ఏ షరాబుకూ అధికారం లేదు, ఎందుకంటే అక్కడ నాణెం వేరే పనిలో ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాత ఇళ్లలో సంస్థానాల నాటి రూపాయి దొరికితే దానిని తోమవద్దు, అంచులు పట్టుకొని మెత్తని గుడ్డపై ఉంచి, తూకం రాసి, రెండు వైపులా ఫొటో తీయించండి. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.