వసంతశేషము: ఒక యుపన్యాసము



ఈశ్వరమహిమను గూర్చి ప్రసంగింపవలసినపుడెల్ల ఉపదేశకులు హిమవత్పర్వతమును, సముద్రమును, నక్షత్రమండలమును చూపుట వాడుక. అది తప్పని మేమనము. కాని హిమాలయమును చూచినవారు మనలో నెందఱు? వాకిటనే జరుగుచున్న సంగతులను చూడని కన్నులు కొండను చూచి మాత్రమేమి గ్రహింపగలవు? కావున నేడు మేము వైశాఖమాసపు చిన్న సంగతులను గూర్చియే విన్నవింప నుద్దేశించినాము. చిన్నవానిని శ్రద్ధతో చూచుటయు నొక యుపాసనయే యని మా తలంపు.

పంచాంగము ననుసరించి చైత్రవైశాఖములు వసంతఋతువు. గోదావరీతీరమున నివసించువారి యొడలు మాత్రము ఈ లెక్కకు సమ్మతింపదు. వైశాఖము సగము గడువకమునుపే చెమట ధారలు కట్టును. చదువుకొన్నవారు వసంతమనగా మలయమారుతము, మావిచిగురు అని పుస్తకములలో నేర్చి, అవి కిటికీ వెలుపల కానరాకపోగా వసంతము ముగిసెనని తలుపులు మూసికొందురు. కాళిదాసు ఋతుసంహారము గ్రీష్మముతో మొదలై వసంతముతో ముగియును. మన పంచాంగము వసంతముతోనే మొదలగును. మొదలు తుదల విషయమున మహాకవియు పంచాంగకర్తయు ఏకీభవింపనపుడు, మన కన్నులతో మనమే చూచుకొనుట మేలు కదా!

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు పల్లెపల్లెకును ప్రాకినది మొదలు ఈ డెల్టాసీమకు ఎండకాలపు గుర్తు వేఱొకటి యేర్పడినది. కోతలు ముగిసిన పిమ్మట మరమ్మతుల నిమిత్తము కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందే ఊరి మంచినీళ్లచెరువు నింపుకొందురు. కాలువ కట్టిన కొలది దినములకు, రేవులో నెన్నడును కానరాని క్రింది మెట్లు బయటపడును. వానిపై నాచు ఎండి బూడిదవన్నెకు తిరుగును. మడుగులలో మిగిలిన చేపలకై కొంగలును పిల్లలును పోటీపడుదురు. రాత్రి నీటిచప్పుడు లేకపోవుట మొదట చెవికి వెలితిగా తోచి, నాలుగవనాటికి అలవాటగును. ఏడాదిలో నెక్కువకాలము పాఱు నీటిని మనమెవ్వరము చూడము. అది నిలిచిపోయినపుడే చూతుము. దైవకృప విషయమునను మన నడవడి యిట్టిదేమో యని యొక్కొకప్పుడు మాకు తోచును.

వేపపూత రాలి కాయ పట్టుచున్నది. కానుగ లేతయాకు ముదురుచున్నది. రేలచెట్టు పసుపుగుత్తులు వ్రేలాడదీసినది. మడగాస్కరు ద్వీపమునుండి వచ్చిన తురాయి, తాను పరదేశినని మఱచి, మన వీథులనే తన వీథులుగా చేసికొని యెఱ్ఱగా పూచినది.

వేకువకు మునుపే కోయిల కూయ నారంభించును. కూయు నల్లని పక్షి మగది; ఆడుది గోధుమవన్నెపై తెల్లని చుక్కలు గలదై ఆకులలో నణగియుండును. అది గ్రుడ్లు పెట్టునది కాకిగూటిలో. కాకి గూడు కట్టు కాలమును కోయిల పాడు కాలమును ఒక్కటియే యగుటకు కారణమిదియే. కవులు కోయిలకు పద్యములు సమర్పించిరి. దాని పిల్లను పొదిగి మేపిన కాకికి శ్రాద్ధదినమున పిండము తప్ప వేఱొక గౌరవము దొరకలేదు! పెరటిచెట్టుమీదికి పుల్లలను, ఇనుపతీగ ముక్కలను మోసికొనివచ్చు కాకిని ఒక్క పావుగంట చూడుడు. దాని యరపు అంత కర్ణకఠోరముగా నుండదు.

ఇక ఒక నిలువు కఱ్ఱతో చూడదగిన వింత కలదు. సూర్యుడు ఉత్తరమునకు జరుగుచు వచ్చి, రాజమహేంద్రవరమునకు మే 8 ప్రాంతమునను, హైదరాబాదునకు మే 9 ప్రాంతమునను మధ్యాహ్నవేళ సరిగా నడినెత్తికి చేరును. నిట్టనిలువుగా పాతిన కఱ్ఱకు ఆ క్షణమున నీడ యుండదు. ఆగస్టు మొదటివారమున మరల నిట్లే జరుగును గాని, అప్పుడు మబ్బు తఱచుగా మఱుగుచేయును. ఈ రెండు దినముల నడుమ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును. తక్కిన తొమ్మిది మాసములును ఉత్తరమునకే. ఒకే యింట అరువదియేండ్లు కాపురముండియు, తమ గోడనీడ దిక్కు మార్చుకొనుట నెఱుగనివారు పెక్కండ్రు. దీనిని చూచుటకు యంత్రమక్కఱలేదు, ముహూర్తమక్కఱలేదు, దక్షిణ యసలే యక్కఱలేదు.

ఆవకాయకు కాయ యెప్పుడు కోయవలెనో మన యింటి స్త్రీలకు తెలిసినట్లు మనకు తెలియదు. టెంక ముదురకమునుపు కొట్టిన ముక్క ఊటలో మెత్తబడును. జాగుచేసిన కాయ పండబాఱి పులుపు తగ్గును. నడుమనున్న దినములు కొద్ది. కాయను చేతబట్టి బరువు చూచి, ఒకదానిని పగులగొట్టి టెంక పరీక్షించి, "ఇంక నాలుగునాళ్లాగుడు" అని చెప్పు ముసలమ్మ ఏ పాఠశాలకును పోలేదు. ఆమెకు అక్షరజ్ఞానము లేదని జాలిపడు మనము ఆమె యెఱిగినదానికి జ్ఞానమని పేరైనను పెట్టలేదు. స్త్రీవిద్యను మేము మనసార కోరుదుము. విద్య నేర్పబోవువారు ముందుగా ఆమె యెదుట కొంతసేపు శిష్యులై కూర్చుండుటయు నుచితమే.

ఇంతవఱకు చెప్పినది వినుటకు ఇంపుగా నున్నది. ఇంపుకానిదియు చెప్పవలసియున్నది. 2015వ సంవత్సరము మే మాసమున వడగాలికి దేశములో రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో హెచ్చుమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారు. ఎండలో కూలిపని చేయువారును, వృద్ధులును వారిలో పెక్కండ్రు. వడదెబ్బ పిడుగువలె పడదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, మాట తడబడుట సాధారణముగా ముందు వచ్చును. ప్రక్కనున్నవారు అది కనిపెట్టి, నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒడలు చల్లబఱచి, ఆలసింపక ఆసుపత్రికి కొనిపోయిన బ్రదుకు నిలుచుట కలదు. కనిపెట్టువారే లేకపోయిరి. కోయిలకూతకు చెవియొగ్గు మనము, పనివాని మాట తడబడుటను వినలేకపోతిమా?

కుండనీరు చల్లబడుటకు కుండ చెమ్మగిల్లుటయే కారణము. సన్నని రంధ్రముల నుండి యూరు తేమ ఆవిరియగుచు లోని వేడిని తీసికొనిపోవును. గాలి పొడిగా నుండు అనంతపురమున నిది చక్కగా జరుగును. మన తీరమున గాలియే తడిగా నుండుటచే కుండనీరు అంతగా చల్లబడదు, మన చెమటయు నాఱదు. కావున ఉష్ణమాపకము రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపినంతమాత్రమున కోస్తావానికి ప్రమాదము తక్కువని తలంపరాదు. చలివేంద్రము పెట్టించి పలకపై పేరు వ్రాయించుకొను దాతలలో, రెండు గంటలవేళ కుండలో నీరున్నదో లేదో వచ్చి చూచువారెందఱు? అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినది. అయినను కొన్ని యూళ్ల టీయంగళ్లలో గ్లాసులు వేఱువేఱుగా నుంచుట ఆ తరువాతను చాలకాలము సాగినది. ఎవరి గ్లాసు ఎచట బోర్లించియున్నదో చూచుటయు ఈ ఋతువున మన కన్నులకు పనియే.

నీడలేని ఆ మధ్యాహ్నము మీ ముంగిట పిల్లలతో కఱ్ఱ పాతి చూడుడు. అదే వేళ వీథిలో బండి త్రోయువాడో, ఇటుకలు మోయునామెయో కనబడుదురు. వారి నీడయు వారి పాదముల క్రిందనే యుండును. లోపలికి పిలిచి అరుగుమీద కూర్చుండబెట్టుడు. మీరు త్రాగు గ్లాసుతోనే ఉప్పువేసిన మజ్జిగ యిండు. కఱ్ఱనీడ తూర్పునకు జానెడు సాగువఱకు వారిని లేవనీయకుడు.