ఇంద్రియములు తెచ్చు వార్త



ఇష్టలింగమును వామకరతలమున నుంచుకొని దృష్టి నిలుపునపుడు దాని చల్లదనమును, నునుపును, బరువును అరచేయి గ్రహించును. ఆ స్పర్శ మనస్సును చేరు మార్గమెట్టిది? దీనిని విచారించుట భక్తికి భంగము కాదు. దేహమే దేవాలయమని నమ్మినవారు ఆ దేవాలయ నిర్మాణము నెరుంగుట ఉచితమే.

చర్మమునందు, విశేషించి వ్రేలికొనలయందు, స్పర్శను పసిగట్టు సూక్ష్మగ్రాహకములు దట్టముగా నున్నవి. ఒత్తిడి సోకగనే వాని పొరలోని సన్నని ద్వారములు తెరచుకొనును. విద్యుదావేశము గల సోడియము మొదలగు అయానులు లోనికి చొచ్చును. అందుండి పుట్టిన స్పందనము నాడీతంతువు వెంట వెన్నుపామునకును, అటనుండి థాలమస్ అను కూడలి మీదుగా మెదడు పైపొరకును సాగిపోవును. త్రోవలో ఒక నాడీకణమునకును మరియొక దానికిని నడుమ సన్నని ఎడము కలదు. దానిని వార్త రసాయనద్రవ్య రూపమున దాటును.

ఈ వార్త తత్‌క్షణమే చేరునని పూర్వులు తలచిరి. 1850లో హెల్మ్‌హోల్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కప్ప నాడియందు దాని వేగమును కొలిచి, సెకనుకు సుమారు 30 మీటర్లని తేల్చెను. మానవునియందు స్పర్శవార్త అంతకన్నను వడిగా పోవును. మంటతో కూడిన నొప్పిని తెచ్చు సన్నని తంతువులు మాత్రము సెకనుకు 2 మీటర్లకు మించవు. కాలివ్రేలికి రాయి తగిలినపుడు ముందు చురుకును, పిదప సలుపును కలుగుట ఇందువలననే.

1932లో నోబెల్ బహుమానమందిన ఎడ్గార్ ఏడ్రియన్ మరియొక మర్మమును కనుగొనెను. ఒక తంతువునందలి స్పందనములన్నియు ఒకే పరిమాణము గలవి; తాకిడి హెచ్చినచో వాని సంఖ్యయే హెచ్చును. తాకిడి మారక నిలిచియున్నచో ఆ సంఖ్య క్రమముగా తగ్గిపోవును. మెడలోని లింగము కొంతసేపటికి ఉన్నట్లే తోపకుండుట ఇందుచేతనే. నాడులు మార్పును చాటును గాని నిలకడను చాటవు. మరపు దేహధర్మము, స్మరణము మన ప్రయత్నము. నిత్యము లింగమును కరతలమునకు తెచ్చుకొనుటయందలి ఔచిత్యము ఇచట మనకు స్ఫురించును.

నొప్పి యనిన మనకు వైముఖ్యము. కాని అది కాపలావాని కేక. మధుమేహము పెక్కేండ్లు అదుపు తప్పియున్నచో పాదములలోని నాడులు చెడి ఆ కేక ఆగిపోవును. ముల్లు గ్రుచ్చుకొన్నను, కాగిన బండ కాల్చినను తెలియదు. తెలియని పుండు ముదిరి కాలు తీసివేయవలసిన దుఃస్థితి కొందరికి కలుగుచున్నది. కావున మన యిండ్లలో మధుమేహము గల పెద్దల పాదములను, వ్రేళ్ల సందులతో సహా, పిల్లలు దినమునకొకసారి పరిశీలింతురు గాక. ఎఱుపు గాని పుండు గాని కనిపించినచో జాగు సేయక వైద్యునికి చూపవలెను. మఠప్రాంగణమున మిట్టమధ్యాహ్నము వారిని వట్టికాళ్లతో నడువనీయరాదు. ఇదియు దాసోహమే.

షట్‌స్థలమార్గమున గంధము ఆచారలింగమునకు, రుచి గురులింగమునకు, రూపము శివలింగమునకు, స్పర్శ జంగమలింగమునకు, శబ్దము ప్రసాదలింగమునకు, హృదయతృప్తి మహాలింగమునకు అర్పణములు. నాడి వార్తను మాత్రమే తెచ్చును. అది వట్టి భోగమగునో, ప్రసాదమగునో అన్నది అందుకొనువాని అర్పణబుద్ధిని బట్టి యుండును. వార్త అందుచున్నంతకాలము కృతజ్ఞతతో అర్పింతము. అందనివారికి మన కన్నులే కాపలా యగుగాక!